పుంగనూరులో పెరిగిన బిడ్డ

"అత్తా, మీరు పదహైదేండ్ల ఇంటి లోను ఎనిమిదేండ్లకే కట్టేసినారంట గదా. ఎట్ల కట్టినారో రవ్వంత సెప్పండత్తా. మేము గూడా అట్లే బిరీన తీర్చేద్దామని ఉండాము. బడి అయినాక నేను ట్యూషన్లు సెప్పుకుంటే, పాపను రెండు మూడేండ్లు కుప్పంలో మాయమ్మ దగ్గిర వదిలేస్తే…"

కూర్సో తల్లీ. ఆ కుర్చీ వద్దు, దాని కాలు ఊగులాడతాది, ఈ మంచం మీద కూర్సో. కాఫీ తాగుతావా? తాగే వచ్చినావా. సరే.

ఎట్ల కట్టినానంటే… కట్టినా. ఎవురు సెప్పినారు నీకు, మీ అత్తేనా? ఆయమ్మ అందురికీ సెప్తాది, రెడ్డెమ్మ మాదిరి సంసారం సేయల్ల, రెడ్డెమ్మ మాదిరి లోను కట్టల్ల అని. నిజమే, ఈ వీదిలో లోను పెట్టి కట్టిన ఇండ్లల్లో అందురికంటే ముందు బ్యాంకు నుంచి పత్రాలు తెచ్చుకునింది నేనే. కాదనను. అయితే సగం సెప్పి పంపిస్తే నిన్ను మోసం సేసినట్ల అవుతాదమ్మా. ఈ పొద్దు బడి లేదు గదా నీకు? అయితే మొత్తం ఇను.

మాది పెద్దమండ్యం పక్కన పల్లె. నాయన కూలి, అమ్మ కూలి. రెండెకరాల మెట్ట సేను ఉన్నింది, శెనక్కాయ ఏస్తాండిరి, వానొస్తే పండేది, లేకుంటే ఇత్తనాలు గూడా పోయేవి. మేము ఇద్దరం ఆడబిడ్డలం. నాకన్నా ఆరేండ్లు సిన్నది గంగులు, నా సెల్లెలు. గంగులమ్మ అని పేరు, మేము గంగులూ అంటాంటిమి. దాన్ని సంకన ఏసుకోని తిప్పింది నేనే. మాయమ్మ కలుపుకు పోతే గంజి పోసి పండబెట్టింది నేనే. ఆ మాట గుర్తొస్తే ఇప్పుడు నవ్వొస్తాది… నవ్వు కాదులే.

నాకు పదేండ్లు ఉంటాదేమో, పదకొండా… పదే. మా నాయన ఒగ ఆసామి దగ్గిర అప్పు తీసుకోని కట్టలేకపోయినాడు. ఆయప్ప ఇద్దరు మనుషుల్ని పంపిచ్చి ఏం సేసినాడో తెలుసునా? మా వాకిలి తలుపు పీకించుకోని పోయినాడు. కొయ్య తలుపు, మా నాయనకు నాయన, మా అబ్బ సేయించింది. ఊరంతా సూస్తాండారు. మా నాయన తల వంచుకోని నిలబడినాడు. మాయమ్మ గోనెసంచి కట్టింది వాకిలికి. కుక్కలొచ్చి సట్టిలో మూతి పెడ్తాంటే మా నాయన వాకిలికి అడ్డంగా పండుకుంటాండె. ఒగ ఏడాది అట్లే. అందురికీ అప్పంటే బయ్యం ఉంటాది, నాకు అది బయ్యం కాదమ్మా, రోగం. ఆ పొద్దు పట్టుకునింది.

సదువుకున్నా. హాస్టల్లో పడి సదువుకోని, నర్సు ట్రైనింగు సేసి సర్కారు ఉద్యోగం తెచ్చుకున్నా. మావోళ్ళల్లో నెల జీతం తీసుకున్న మొదటి మనిషిని నేనే. పెండ్లయింది. మీ మామ మదనపల్లెలో టమోటా మండీలో గుమాస్తా. నువ్వు ఆయప్పను సూడలేదు, నువ్వు కాపరానికి వచ్చేలోపలే పోయినాడు. నరసింహులు అంటే మార్కెట్టు యార్డులో తెలీనోళ్ళు లేరు. తెల్లారకముందే పోవల్ల మండీకి, లారీలు నిలబడి ఉంటాయి గదా. అప్పుడు ఈ పలాస్టిక్ క్రేట్లు యాడివి, ఎదురుబద్దల గంపలే. ధర ఉన్న పొద్దు ఆయప్ప మైసూరు పాకు తెస్తాండె. ధర లేని పొద్దు రైతులు రోడ్డు మీద పారబోసిన టమోటాల్లో నడుసుకుంటా వచ్చి కాళ్ళు కడుక్కోని సుమ్మనే కూర్సుంటాండె. మెత్తని మనిషి.

యాడికో పోతాండా… ఆఁ. పెండ్లయినాక ఏడేండ్లు మాకు బిడ్డల్లేరు. మొక్కని దేవుడు లేడు, మింగని మందు లేదు. అద్దింట్లో ఉంటిమి. ఆ ఇంటామె నీళ్ళు పట్టుకునేటప్పుడు ఒగ మాట అనింది, బిడ్డల్లేనోళ్ళకు ఇన్ని బిందెలెందుకని. ఆ మాటతోనే ఈ జాగా కొన్నాం. నా జీతం మీద లోను పెట్టి పునాది తీసినాం. పునాది తీసిన నెలలోనే హేమ కడుపున పడింది. నా బిడ్డ. సూడు, ఇల్లూ బిడ్డా ఒగటే సారి ఇచ్చినాడు దేముడు. ఎంత సంతోషపడితిమో. ఇల్లు పూర్తయ్యేటప్పటికి అది ఈ గడప పట్టుకోని లేసి నిలబడతాండె.

అప్పుడే నాకు రామకుప్పం పక్క ట్రాన్స్‌ఫర్ పడింది. ఈడనుంచి నాలుగు గంటల బస్సు. రోజూ పోయి వచ్చేది కాదు. మాయమ్మ అప్పటికే లేదు, అత్త లేదు. మీ మామ సీకట్లో పోయి ఎండకు వస్తాడు. బిడ్డను సూసేదెవురు? గంగులును పుంగనూరికి ఇచ్చింటిమి. దాని మొగుడు మల్లప్ప బస్టాండు పక్కన బట్టలు కుడతాండె. ఇద్దరు మొగపిల్లోళ్ళు. ఆడబిడ్డ లేదని దానికి ఆశ. అదే వచ్చింది ఈడికి. "అక్కా, నాకియ్యి పాపను, రెండు నెల్లు సూసుకుంటా, నువ్వు ఆడ ఇల్లు గిల్లు సూసుకోని తీసకపో" అనింది. రెండు నెలలే అనుకుంటిమి తల్లీ. ఒట్టు. రెండు నెలలే.

కుప్పంలో రూము తీసుకుంటి. పొద్దన బస్సెక్కి రామకుప్పం పోయేది, మద్యానం దాటినాక తిరిగొచ్చేది. ఆ పక్క పల్లెలు నీకు తెలుసు గదా, నువ్వూ ఆ పక్కదానివే. రాగుల కాలంలో ఏనుగులు దిగుతాయి. ఒగసారి నొప్పులొచ్చిన ఆడమనిషిని తీసుకురావల్లంటే దావలో ఏనుగులు, మేము ఆమె ఇంట్లోనే కాన్పు సేసినాం, బయట మొగోళ్ళు డబ్బాలు కొడతాండారు. ఆ బిడ్డకు గజలక్ష్మి అని పెట్టినారు. పెట్టినారా, పెట్టల్లని నేనంటినా… ఏదో ఒగటి. అట్ల ఎంతమంది బిడ్డలనో ఈ సేతుల్తో తీసినా.

రూములో ఒగదాన్నే కూర్సుంటే బిడ్డ తలపుకొచ్చేది. పాలు అప్పటికింకా ఆగలా నాకు. సెప్పకూడదుగానీ ఆడదానివి గాబట్టి సెప్తాండా. రవిక తడిసిపోతాండె. అప్పుడు కుప్పంలో ఒగ ప్రైవేటు నర్సింగు హోములో మాయిటాల, పొద్దు వాలినాక, డ్యూటీకి పిలిచినారు. సర్కారోళ్ళు అట్ల పోకూడదు, తప్పే. ఆ కాలంలో అందురూ పోతాండిరి, నేనూ పోతి. ఆ దుడ్లు తెచ్చి కంతుకు పైన కట్టేదాన్ని. బ్యాంకులో ఒగ సిన్న క్లర్కు సెప్పింది నాకు, "అమ్మా, కంతు ఎట్లా కడతాండారు, పైన ఎంత కట్టినా అది అసలులో తగ్గుతాది, ఏండ్లకేండ్లు కొట్టుకోని పోతాయి" అని. నీకు కావల్సిన కిటుకు అదే, ఇంగేమీ లేదు. ఆ మాట నా సెవిలో పడినాక ఇంగ నాకు నిద్ర లేదు. రెండు నెలలు పోయి ఆర్నెల్లయింది, ఆర్నెల్లు పోయి ఏడాదయింది.

మీ మామ అననే అనె. "బ్యాంకోడు పదహైదేండ్లు ఇచ్చినాడు గదా రెడ్డెమ్మా, వానికి లేని తొందర నీకు యాల?" అనె. నేనేమంటిని, "నీ ఇంటి తలుపు ఎవురూ పీకకపోయిరి, నీకేం తెలుసు" అంటి. ఇంగ ఆయప్ప నోరెత్తలా. మంచి మొగోడు గొంతు పెద్దది సేయడు, అదే వచ్చింది సిక్కు. ఆ పొద్దు రెండు తిట్టింటే బాగుండు.

శనివారం మద్యానం కుప్పంలో బస్సెక్కుతా, ఆ బస్సు పలమనేరు మీద పుంగనూరు వచ్చి మదనపల్లె పోతాది. మొదట్లో పుంగనూరులో దిగేదాన్ని, ఆ రేత్రి బిడ్డతో ఉండి పొద్దన మదనపల్లె వచ్చేదాన్ని. తర్వాత ఏమయిందంటే మదనపల్లెలోనే ఇంగో ఆస్పత్రిలో ఆయితారం డ్యూటీ సిక్కింది. శనివారం మాయిటాలే సేరల్ల. అప్పుడు పుంగనూరులో దిగేది మానేస్తి. బస్సు పది నిమిషాలు నిలబడతాది గదా, గంగులు బిడ్డనెత్తుకోని కిటికీ దగ్గిరికి వచ్చేది. దిగితే సీటు పోతాదని నేను లోపలే కూర్సుంటాంటి. కడ్డీల సందులో సెయ్యి పెట్టి బుగ్గ తాకేదాన్ని. బిస్కిట్టు పొట్లం ఇచ్చేదాన్ని. ఆ బస్సుకు ఏడు రూపాయలో ఎనిమిదో టికెట్టు… కాదు, అంత లేదు అప్పుడు. ఏదో. బిడ్డ మొదట్లో నాకోసం ఎగిరెగిరి ఏడుస్తాండె, బస్సు కదిల్తే ఆ ఏడుపు బస్టాండు దాటేవరకు ఇనిపిస్తాండె. ఆడోళ్ళు నాకల్లా సూస్తాండిరి. నేను తల గుడ్డ కప్పుకోని కూర్సుంటాంటి. కొన్నాళ్ళకు ఏడ్చేది మానేసింది. నాకు నిమ్మళమయింది సూడు. బిడ్డ అలవాటు పడింది, మంచిది అనుకుంటి. ఎంత తెలివో నాది.

మూడేండ్లు నిండినాయి దానికి. ఒగ శనివారం కిటికీ దగ్గిర గంగులు కొడుకులిద్దరూ "పెద్దమ్మా, పెద్దమ్మా, మాకేం తెచ్చినావు" అని ఎగురుతాంటే ఇది గూడా వాళ్ళతో పాటు సెయ్యి సాపి "పెద్దమ్మా నాకూ" అనింది.

గంగులు మొగం మాడిపోయింది. "అమ్మ అనల్లమ్మా, మీయమ్మ" అని దాని నోటి మీద సిన్నగా కొట్టింది. నేను నవ్వితి. బస్సులో పక్కన కూర్సున్నామెకు గూడా సెప్పి నవ్వితి, "సూడండి, నా బిడ్డ నన్నే పెద్దమ్మ అంటాది" అని. మదనపల్లెలో దిగి ఈ ఇంట్లోకొచ్చి, ఆ లోపల గదిలో, ఒగదాన్నే… సరేలే.

మల్లప్పను, గంగులును వాళ్ళ పిల్లోళ్ళు ఎట్ల పిలిస్తే ఇదీ అట్లే పిలిచింది, అమ్మా నాయనా అని. మీ మామ మాత్రం బేస్తవారం మండీ తీరినాక బస్సెక్కి పోయి దాన్ని సూసొస్తాండె. ఆయప్పను మదనపల్లె నాయనా అంటాండె. ఆయప్పకు ఆ పేరన్నా సిక్కింది.

ఇంగ ఇప్పుడు సెప్పేది మీ మామకు గూడా తెలీదు. సచ్చేవరకు తెలీకుండా పోయినాడు. ఆ ఏడే పుంగనూరు ఆస్పత్రిలో ఒగ పోస్టు ఖాళీ పడింది. ఆపీసులో హెడ్డు క్లర్కు, పెద్దాయన, నన్ను పిలిచి సెప్పినాడు. "రెడ్డెమ్మా, లిస్టులో నీ పేరే ముందుండాది. నీ బిడ్డ ఆడే ఉండాది గదా, సంతకం పెట్టు, వచ్చే నెలలో పోవచ్చు" అనె. పెన్ను గూడా తీసి ఇచ్చినాడు.

నేను ఒగ రోజు టైమడిగితి. పుంగనూరులో పైడ్యూటీ ఇచ్చేటోళ్ళు అప్పుడు ఎవురూ లేరు. ఉత్త జీతమే. ఉత్త జీతమంటే పదహైదేండ్లు పూర్తిగా కట్టల్ల. ఇట్లే కుప్పంలో ఉంటే ఇంగ నాలుగైదేండ్లకు తీరిపోతాది. బిడ్డ యాడికి పోతాది, మా సెల్లెలి దగ్గిరేగదా ఉండేది, నాలుగేండ్లు కండ్లు మూసుకుంటే తర్వాత జీవితమంతా దాన్ని వదిలేది లేదు, ఇల్లు మనదే, బిడ్డ మనదే. ఇట్ల అనుకుంటి. పొద్దన పోయి "నాకు వద్దు సార్" అంటి. ఆయప్ప కండ్లద్దాలు తీసి నాకల్లా సూసినాడు. ఆ పోస్టుకు ఇంగెవురో పోయింది, ఆ పిల్ల వచ్చి నాకు దండం పెట్టి పోయింది. "నాకోసం వదులుకున్నారక్కా" అని.

ఇంటికి సెప్పలా. గంగులుకు సెప్పలా. సెప్తే తిడతారని కాదు. ఒగవేళ బిడ్డ ఇంగా తన దగ్గిరే ఉంటాదని గంగులు సంతోషపడితే? దానికి బిడ్డ మీద అంత పానం. దాని మొగంలో ఆ సంతోషం నేను సూడలేను.

అట్ల ఎనిమిదేండ్లకు తీరిపోయింది లోను. బ్యాంకులో మేనేజరు నిలబడి పత్రాలిచ్చినాడు. కుర్చీ ఏయించి, కాఫీ తెప్పిచ్చి, పక్కన ఎవురో లోనుకొచ్చిన మొగుడూపెండ్లాలుకు నన్ను సూపిచ్చి "ఈమెను సూసి నేర్చుకోండి" అన్యాడు. మా నాయన ఉండింటే ఎంత బాగుండు అనుకుంటి. ట్రాన్స్‌ఫర్ కూడా మదనపల్లెకు అడిగి తెచ్చుకుంటి. లోపల గదికి రోజా రంగు ఏయిస్తి. మంచం కొన్నా, సదువుకునే టేబులు కొన్నా, యండి పట్టీలు కొన్నా, గజ్జెలుండేటివి. మీ మామా నేనూ పుంగనూరికి పోతిమి, బిడ్డను తెచ్చుకునేదానికి. ఎనిమిదో ఏడు నడస్తాండాది దానికి.

గంగులు వంట సేసింది. సంగటి, శెనక్కాయల ఊరిబిండి, కోడికూర. పొయ్యి కాడ నుంచి బయటికే రాలా. మల్లప్ప మిషను తొక్కుతానే ఉండాడు, గుడ్డ లేకుండా ఉత్త మిషను. హేమ బట్టలన్నీ ఒగ బ్యాగులో సర్ది పెట్టింది మా సెల్లెలు, ఇస్త్రీ సేసి, రిబ్బన్లు సుట్టి పెట్టి. ఏం సూరత్తుగా, ఎంత నీటుగా సాకింది తల్లీ దాన్ని. తలకు నూనె, కండ్లకు కాటుక, నోట్సుకు అట్టలు. నేను పట్టీలు తీసి ఏద్దామని కాళ్ళ దగ్గిర కూర్సుంటి. అది కాళ్ళు వెనక్కి లాక్కోని అడిగింది:

"పెద్దమ్మా, నేను యాలకు రావల్ల?"

"మనిల్లు ఉండాదమ్మా ఆడ. నీకోసమే కట్టినాము."

"నాకు ఇల్లు ఉండాది గదా ఈడ."

గంగులే లోపల నుంచి వచ్చి, కండ్లు తుడుసుకోని, దాన్ని గట్టిగా అరిచింది. అంతకుముందు ఎప్పుడూ దాన్ని అట్ల అరవలేదంట. "పో! మీయమ్మతో పో! ఈడ నీకు సోటు లేదు" అనింది. అనల్లని అనింది, బిడ్డ కదలల్లని. ఆ బిడ్డ మొగం నేను ఇప్పటికీ మర్సిపోలేను. గమ్మునొచ్చింది మాతో.

నలబై దినాలుండింది ఈడ. బడిలో ఏస్తిమి. పొద్దన లేస్తాది, జడ ఏయించుకుంటాది, పోతాది, వస్తాది. అల్లరి లేదు, ఏడుపు లేదు. అడిగితే తింటాది. సుట్టాలింటికి వచ్చిన బిడ్డ మాదిరి, గ్లాసు నీళ్ళు కావల్లన్నా "తాగొచ్చునా" అని అడుగుతాది. నేను డ్యూటీ నుంచి బిరబిరా వచ్చి ఏమేమో సేసి పెట్టేదాన్ని. ఓళిగలు సేసినా. తిని "బాగుండాయి పెద్దమ్మా" అనింది. రోజా గదిలో టేబులు మీద నోట్సు పెట్టి కూర్సోని ఏమి రాస్తాందో అని సూస్తే, బడి పాటం కాదు, పుంగనూరు వీదిలో ఎవురెవురి ఇల్లు యాడుండాదో బొమ్మ గీస్తాంది.

నలబై ఒకటో దినం బడి నుంచి ఇంటికి రాలేదు. మాయిటాల ఐదయింది, ఆరయింది. బడికి పరిగెత్తితి. మద్యానమే పోయిందన్యారు. మీ మామ మార్కెట్టు యార్డంతా, స్టేషను దావంతా ఎతికినాడు. నేను ఒంటి మీద గుడ్డ తెలీకుండా బస్టాండులో ఆటోలోళ్ళను అడుగుతాండా, "పచ్చ గౌను, రెండు జడలు, సూసినారా అప్పా, సూసినారా" అని. ఎంతమంది బిడ్డల్ని బయటికి తీసిన సేతులివి, నా బిడ్డ యాడుందో నాకు తెలీదు. ఆ గంట ఎవురికీ రాకూడదు.

మాకు ఫోను లేదు అప్పుడు, ఆ మూల అంగడి శెట్టి ఫోనే అందురికీ. ఆయప్ప అంగట్లో పిల్లోడు పరిగెత్తి వచ్చి సెప్పినాడు, పుంగనూరు నుంచి మాట్లాడినారని. "వచ్చిందంటక్కా, ఆడే ఉండాదంట."

ఒగదే బస్సెక్కి పోయింది. ఎనిమిదేండ్ల బిడ్డ. ఎవురో ఆడోళ్ళ పక్కన కూర్సోని, వాళ్ళ బిడ్డ మాదిరి. ఆ పొద్దే పోతిమి. పోయేటప్పటికి గంగులు ఒళ్ళో తల పెట్టుకోని ఉండాది. నన్ను సూసి లేసి దాని వెనక్కి పోయి సీర పట్టుకునింది. అరవలా, ఏడవలా. సిన్నగా అనింది, "నేను మంచిగా ఉంటా పెద్దమ్మా, నన్ను తీసకపోవద్దు."

గంగులు నా కాళ్ళు పట్టుకునింది. "అక్కా, నీ బిడ్డకు నేనేమీ నేర్పలేదక్కా, ఒట్టు, నీ మాట ఒగటి చెడ్డగా సెప్పలేదు" అని. నాకు తెలుసు అది నేర్పలేదని. నేర్పింది ఎవురో నాకు తెలుసు గదా. నేను మా సెల్లెల్ని లేపి, "ఈడే ఉండనీలే" అంటి. ఒగ మాట, అంతే. మీ మామ బయట అరుగు మీద కూర్సోని ఏడ్చినాడు. మండీలో మూటలు మోసే మనిషి మాదిరి ఒళ్ళు, అట్ల ఎక్కెక్కి ఏడస్తాంటే సూడలేకపోతి.

ఆ పట్టీలా? గంగులు దగ్గిరే ఇచ్చి వచ్చినా. ఏసుకుందో లేదో నేనడగలా.

అట్ల పుంగనూరులోనే పెరిగింది. మేమే పోయి వస్తాంటిమి. చెడ్డదని కాదు, నన్ను మర్యాదగానే సూస్తాది, ఇప్పుడు గూడా. సదువుకునింది, పలమనేరులో టీచరుగా ఉండాది, నీ మాదిరే. దాని పెండ్లిలో పీటల మీద మమ్మల్నే కూర్సోమనింది గంగులు, కాళ్ళు కడగల్సింది మీరే అనింది. నేనే వద్దంటి. సాకినోళ్ళు మీరు, మీరే కూర్సోండి అంటి. బందువులు రెండో వరసలో ఉన్న నన్ను సూసి గుసగుసలాడినారు. ఆడుకోనీలే. మీ మామ ఆ ఏడే పోయినాడు, గుండె.

పోయిన ఏడు గంగులు పోయింది. కడుపులో గడ్డ. నాకన్నా సిన్నది, నా ముందర పోయింది. నా ఆరేండ్లప్పుడు సంకనెత్తుకున్నదాన్ని నేనే స్నానం పోసి సాగనంపితి. హేమ "అమ్మా, అమ్మా" అని మింద పడి ఏడస్తాంది. నేను పక్కనే నిలబడి ఉండా. నాకు కడుపు మంట లేదమ్మా, నిజంగా లేదు. అది ఏడ్వాల్సిన ఏడుపే. ఆ పిలుపు గంగులుదే.

పెద్దకర్మ అయిపోయినాక, సుట్టాలు పోయినాక, హేమ తన బిడ్డనెత్తుకోని వచ్చి నా పక్కన కూర్సునింది. దాని బిడ్డకు రెండేండ్లు. నిద్రపోయింది బుజం మీద. తర్వాత అడిగింది:

"దీన్ని ఒగ దినం వదిలి ఉండల్లంటే నాకు ఊపిరాడదు. నువ్వెట్ల ఉంటివి?"

నేను పాప కాళ్ళ మీద గుడ్డ సర్దితి.

"మీకు అప్పుడు సానా కష్టమంట గదా. ఇంగ దావ లేక వదిలినారంట గదా. అమ్మ ఎప్పుడూ అట్లే సెప్తాండె. పాపం మీయమ్మకు వేరే దావ లేదు, నువ్వు తప్పు పట్టద్దు అని."

సూడు మా సెల్లెలు. అన్నేండ్లు నా మీద ఒగ ఈగ వాలనీకుండా కాపాడింది. నేను అవునమ్మా అనింటే సరిపోయేది. ఆ ఒగ మాటతో నా పానం సల్లబడుతాండె, దానిది గూడా. గంగులు పెద్దకర్మ సేసిన పొద్దు అబద్దం సెప్పల్లంటే నాకు నోరు రాలా తల్లీ. "దావ ఉన్నింది హేమా, పుంగనూరుకు వచ్చే పోస్టు నా సేతికొచ్చింది, నేనే వద్దంటి" అని సెప్తి. యాలకు వద్దన్నానో గూడా సెప్తి. లోను బిరీన తీరుతాదని.

అది నా మొగంలోకి అట్లే సూసింది. "పేదరికం అనుకుంటా ఉంటి ఇన్నేండ్లు" అనింది. "అదే అయ్యుంటే బాగుండు." లేసి బిడ్డనెత్తుకోని లోపలికి పోయింది.

మూడు నెలలు మాట్లాడలా నాతో. అంతకుముందు వారానికొగసారి ఫోను సేసేది, బి.పి. మాత్తర్లు అయిపోయినాయా, కండ్లకు సూపిచ్చుకున్నావా అని. అదీ లేదు. నేనే ఫోను సేద్దామని నంబరు దాకా పోయి మానేస్తాంటి. ఏమని సేసేది? ఈ ఇంట్లో మూడు గదులుండాయి, నేనొగదాన్నే. పొద్దన లేసి మూడూ ఊడస్తా. కట్టినానుగదా, ఊడవల్ల గదా.

కండ్లు తుడుసుకో పిచ్చిదానా. నిన్ను ఏడిపించల్లని సెప్పలేదు. నేను ఇల్లు కట్టకూడదనీ సెప్పలేదు. ఆడది జీతం తెచ్చి ఇల్లు కట్టుకునేది సిన్న మాట కాదు, మాయమ్మ సూడలేదు, మాయవ్వ సూడలేదు. నేను సూసినా. కట్టుకో. బ్యాంకుకు దాని టైము ఉంటాది, అది యాడికీ పోదు. నీకు నేను సలహా సెప్పేంతదాన్ని కాదు. మీయమ్మ నీ బిడ్డను బంగారం మాదిరి సూసుకుంటాది, నాకు అనుమానం లేదు. గంగులు గూడా బంగారం మాదిరే సూసుకునింది. అంతే నేను సెప్పేది. ఇంగ నువ్వూ నీ మొగుడూ మాట్లాడుకోండి.

హేమా? ఆఁ, సేసింది. మొన్న బుదవారం సేసింది ఫోను. నేను కూరగాయలు తరుగుతాండా, దాని పేరు సూసి కత్తిపీట కాడ పడేసినా ఫోను. మల్లా ఎత్తుకుంటే, "ఉండావా?" అనింది. "ఉండా" అంటి. తర్వాత అనింది, "ఆయితారం పుంగనూరుకు పోతాండా. అమ్మ బీరువా సర్దల్ల. సీరలన్నీ అట్లే ఉండాయి, నాయన సూసినప్పుడల్లా కూర్సోని ఏడస్తాండాడు. ఒగదాన్నే సర్దలేను. నువ్వు వస్తావా పెద్దమ్మా?"

వస్తానంటి.

ఏ సీర యాడ కొన్నదో, దేనికి కట్టిందో నాకే గదా తెలిసేది, అక్కను. దాని పెండ్లి సీర నేను తెచ్చిందే, మొదటి జీతంలో… మడతలు ఊడిపోయింటాయి ఈపాటికి. ఏమి మాట్లాడతాదో ఏమో. మాట్లాడకపోయినా సరే, ఆ కొస అది పట్టుకుంటే ఈ కొస నేను పట్టుకుంటా, మడత పెడ్తే సాలు. 

సరే, పో తల్లీ, నీ పాప లేసినట్టుండాది, ఆడ నీ గొంతు కోసం ఎతుకుతాంటాది. నూరేండ్లు ఉండండి నువ్వూ నీ బిడ్డా. ఆకలైనా సరే, అలుపైనా సరే, అది ఫస్టు నిన్నే పిలవల్ల, నువ్వు ఆడనే ఉండల్ల. ఇంతకన్నా పెద్ద దీవెన నాకు తెలీదమ్మా… పో, పో, నేను తలుపు దగ్గిరికి లాక్కుంటాలే.